కొత్త గేమ్ మీ పీసీలో నడుస్తుందో లేదో కొనే ముందే తేల్చుకోవడం ఎలా

"ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది అన్నా, ఫలానా గేమ్ ఆడుతుందా?" ఈ ప్రశ్న అడిగేవాళ్లకి లెక్కే లేదు. దీనికి నేనే కాదు, ఎవరూ జవాబు చెప్పలేరు. ఎందుకంటే 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5యే, 2023లో వచ్చిన ఐ5-13400 కూడా ఐ5యే. 8 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 580 కార్డు 2017 నాటిది, అదే 8 జీబీతో ఆర్‌టీఎక్స్ 4060 వచ్చింది 2023లో. జీబీ లెక్క ఒకటే, పనితనంలో మాత్రం పోలికే లేదు.

ఇంకో సంగతి. "నడుస్తుందా" అన్న మాటలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. గేమ్ అసలు ఓపెన్ అవుతుందా, ఓపెన్ అయ్యాక ఎక్కడా అతుక్కోకుండా సాగుతుందా, మీకు కావలసిన క్వాలిటీలో సాగుతుందా. మొదటిది తేలకపోతే మిగతా రెండూ దండగ. మూడోది సెట్టింగ్స్ తగ్గించి సర్దుకోవచ్చు. జనాన్ని ఏడిపించేది ఎక్కువగా రెండోది, అందుకే దాని మీద కాస్త ఎక్కువ చెప్తాను. ఇదంతా విండోస్ పీసీ, ల్యాప్‌టాప్‌ల గురించే.

కావలసినవి

- మీ పీసీ, ల్యాప్‌టాప్ అయితే దాని ఒరిజినల్ చార్జర్
- వివరాలు రాసుకోవడానికి కాగితమో, ఫోన్‌లో నోట్సో
- స్టోర్ పేజీలో గేమ్ కింద ఇచ్చే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్, పూర్తిగా, చిన్న అక్షరాలతో సహా
- ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో) చూపించే ఓవర్‌లే, అంటే ఆట మీదే అంకెలు కనిపించేలా చేసే టూల్ ఒకటి: ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ అయినా సరే, ఎన్‌విడియా యాప్‌లోనో ఏఎండీ అడ్రినలిన్‌లోనో ఉండేదైనా సరే
- ఓ రెండు గంటల తీరిక

"ఒక్క క్లిక్‌తో చెప్పేస్తాం" అనే సైట్లు ఉంటాయి కదా, వాటిని నమ్ముకోవద్దు. అవి మీ కార్డు పేరునీ, గేమ్ అడిగిన కార్డు పేరునీ పక్కపక్కన పెట్టి పాస్, ఫెయిల్ అంటాయి తప్ప మీ ర్యామ్ ఒకే స్టిక్ మీద నడుస్తోందని, మీ ల్యాప్‌టాప్ వేడెక్కి స్పీడ్ తగ్గించేస్తోందని వాటికి తెలియదు.

1. ముందు మీకేం కావాలో అనుకోండి

రెజల్యూషన్ ఎంత, ఎఫ్‌పీఎస్ ఎంత. ఈ రెండు అంకెలు లేకుండా ముందుకు వెళ్లొద్దు. 1080పీ అంటే స్క్రీన్ మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 36.9 లక్షలు, 4కే అంటే 82.9 లక్షలు. అంటే 1080పీలో హాయిగా నడిచే కార్డుకి 4కే స్క్రీన్ తగిలిస్తే నాలుగింతల పిక్సెళ్లు గీయమన్నట్టే. ఎఫ్‌పీఎస్ విషయానికొస్తే, 60 కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకండ్లలో తయారవ్వాలి, 30 చాలనుకుంటే 33.3 దాకా టైమ్ ఉంటుంది. కథ మీద నడిచే గేమ్‌కి నిలకడగా 40 వచ్చినా ఆడుకోవచ్చు, షూటర్‌కి మాత్రం 60 కంటే తక్కువైతే నేనైతే ఒప్పుకోను.

2. మీ దగ్గర ఉన్నదేంటో పూర్తి పేరుతో రాసుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి.

సీపీయూ పేజీలో పైన కుడివైపు ప్రాసెసర్ పూర్తి పేరు ఉంటుంది, ఐ5 అని ఆపకుండా వెనకున్న నంబరు, చివరి అక్షరంతో సహా రాసుకోండి.

మెమరీ పేజీలో మొత్తం ఎంతో చూసి వదిలేయకండి. కింద స్పీడ్, స్లాట్స్ యూజ్డ్ అని రెండు వరసలుంటాయి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండింటిలో ఒకటే అని ఉంటే మీ ర్యామ్ సింగిల్ చానల్‌లో ఉందన్నమాట, చాలా గేముల్లో దానివల్ల ఎఫ్‌పీఎస్ బాగా పోతుంది. స్పీడ్ దగ్గర డీడీఆర్4కి 2133 అనో 2400 అనో కనిపించి, మీరు కొన్న ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంటే, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదని అర్థం. ఏఎండీ బోర్డుల్లో డీడీఆర్5 అయితే దాని పేరు ఎక్స్‌పో. ఇది ఆన్ చేయడానికి రూపాయి ఖర్చు లేదు, అయినా ఏళ్ల తరబడి అలాగే వదిలేసేవాళ్లు బోలెడుమంది.

జీపీయూ (గ్రాఫిక్స్) పేజీలోనే అందరూ పప్పులో కాలేస్తారు. అక్కడ జీపీయూ మెమరీ అని ఒక పెద్ద అంకె, దాని కింద డెడికేటెడ్ అని ఒకటి, షేర్డ్ అని ఇంకొకటి కనిపిస్తాయి. 4 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్న పీసీలో ఆ పెద్ద అంకె 12 జీబీ చుట్టూ చూపిస్తుంది, అది చూసి నా కార్డు 12 జీబీ అనుకుంటారు. కానే కాదు. మిగతా 8 జీబీ మీ మామూలు ర్యామ్‌లోంచి అప్పు తెచ్చుకున్న లెక్క. మీరు రాసుకోవాల్సింది డెడికేటెడ్ పక్కనున్న అంకె ఒక్కటే. జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తే వాటిలో ఒకటి ప్రాసెసర్‌లో కలిసొచ్చిన చిన్నది, రెండోది అసలు కార్డు.

డిస్క్ దగ్గర ఎస్ఎస్‌డీయా హెచ్‌డీడీయా అని రాసే ఉంటుంది. ఖాళీ ఎంతుందో కూడా చూసుకోండి.

ల్యాప్‌టాప్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కార్డు పేరు ఒకటే అయినా డెస్క్‌టాప్‌లోదీ ల్యాప్‌టాప్‌లోదీ ఒకటి కాదు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ, ల్యాప్‌టాప్ 4070లో 8 జీబీయే. పైగా ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ని తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు. సన్నటి ల్యాప్‌టాప్‌లోని 4060, లావుపాటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లోని 4060 పేరుకే అన్నదమ్ములు. మీ మోడల్ స్పెక్ షీట్‌లో టీజీపీ అని వెతికి ఆ వాట్లు కూడా పక్కన రాసుకోండి.

3. గేమ్ అడుగుతున్నది చిన్న అక్షరాలతో సహా చదవండి

మినిమమ్ అంటే చాలా గేముల్లో 1080పీ, లో సెట్టింగ్స్, 30 ఎఫ్‌పీఎస్ అని. రికమెండెడ్ అంటే సాధారణంగా 1080పీలో 60. కానీ ఇది రూలేమీ కాదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, కొందరైతే ఎఫ్‌పీఎస్ మాటే ఎత్తరు. ఎత్తకపోతే మినిమమ్‌ని 30గానే లెక్కేసుకోండి.

ఇప్పుడు కొత్తగా ఇంకో మెలిక వచ్చింది. 2025లో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ రికమెండెడ్ స్పెక్స్‌లో 1080పీ, 60 ఎఫ్‌పీఎస్ అని రాసి, పక్కనే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అని చేర్చారు. అంటే కార్డు నిజంగా గీసే ఫ్రేములు అంతకంటే తక్కువ, మధ్యలోవి కల్పించి అతికించినవి. చూడ్డానికి నున్నగా ఉన్నా మౌస్ కదిపినప్పుడు బరువుగా అనిపిస్తుంది. కాబట్టి స్పెక్స్‌లో ఫ్రేమ్ జనరేషన్ అని ఎక్కడ కనిపించినా ఆ 60ని 60గా లెక్కపెట్టకండి.

అప్‌స్కేలింగ్ (తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం) అని ఉంటే అంత భయపడక్కర్లేదు గానీ లెక్క తెలిసుండాలి. ఎన్‌విడియా వాళ్ల అప్‌స్కేలింగ్ డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్‌లో 4కే అంటే లోపల గీసేది 1440పీ, పర్ఫార్మెన్స్ మోడ్‌లో అయితే 1080పీ. 4కేలో ఇది చాలా బాగుంటుంది. అదే 1080పీ స్క్రీన్ మీద క్వాలిటీ పెట్టినా లోపల గీసేది 720పీయే, దూరంగా ఉన్న ఆకులు, తీగలు, జుట్టు మసకబారడం కంటికి తెలుస్తుంది.

4. అవును, కాదు అని తేలిపోయేవి ముందు తేల్చేయండి

ఇక్కడ ఫెయిలైతే సెట్టింగ్స్ ఎంత తగ్గించినా ఉపయోగం లేదు.

*రే ట్రేసింగ్:* వెలుగు, నీడల్ని కాంతి కిరణాల లెక్కతో గీసే పద్ధతి ఇది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రెండింటికీ హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ ఉన్న కార్డు తప్పనిసరి. ఆఫ్ చేసే ఆప్షనే లేదు. 11 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1080 టీఐ ఒకప్పుడు రాజు, ఈ గేముల దగ్గర మాత్రం దాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీది కూడా అదే గతి. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ నుంచి ఈ సౌకర్యం ఉంది.

*ఎస్ఎస్‌డీ:* స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటివి ఎస్ఎస్‌డీ కావాలని సూటిగా రాశాయి. హెచ్‌డీడీలో వేస్తే గేమ్ ఓపెన్ కావచ్చు, కానీ కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ చుక్కలు చూపిస్తుంది.

*సెక్యూర్ బూట్, టీపీఎం:* పీసీ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసేది సెక్యూర్ బూట్, టీపీఎం అంటే సెక్యూరిటీ చిప్. ఆన్‌లైన్ షూటర్లలో ఇదిప్పుడు మామూలైపోయింది, బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ లేకుండా నడవదు. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే సెక్యూర్ బూట్ స్టేట్, బయాస్ మోడ్ కనిపిస్తాయి. స్టేట్ ఆన్ అని ఉంటే గొడవ లేదు. ఆఫ్ అని ఉంటే బయాస్‌లోకి పరిగెత్తే ముందు ఆగండి. బయాస్ మోడ్ లెగసీ అని ఉంటే మీ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చకుండా మోడ్ మార్చేస్తే విండోస్ బూట్ అవ్వదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఎక్కడుందో ముందే చూసి రాసి పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

*డ్రైవర్ సపోర్ట్:* జీటీఎక్స్ 900, 10 సిరీస్ కార్డులకి కొత్త గేముల కోసం వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇకపై సెక్యూరిటీ అప్‌డేట్లే. గేములు వెంటనే ఆగిపోవు, కాకపోతే కొత్త గేమ్‌లో ఏదైనా తేడా కొడితే దానికి మందు రాదు.

5. కార్డుల్ని పోల్చేటప్పుడు నంబర్లు చూసి మోసపోకండి

పెద్ద నంబరు ఉన్నంత మాత్రాన పెద్ద కార్డు అయిపోదు. ఎన్‌విడియా నాలుగంకెల కార్డుల్లో మొదటి రెండంకెలు తరం, తర్వాతి రెండంకెలు ఆ తరంలో హోదా. అంతేకాదు, ఒకే పేరుతో రెండు రకాలు కూడా ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీది ఒకటి, 8 జీబీది ఇంకొకటి, రెండోది మెమరీ ఒక్కటే కాదు, స్పీడ్‌లో కూడా తక్కువే. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీలదీ ఇదే కథ. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో కలిసొచ్చే గ్రాఫిక్స్‌తో కొత్త భారీ గేములు ఆడాలనుకుంటే ఆశ తగ్గించుకోండి, కొన్ని కొత్త చిప్‌లు 720పీలో నెట్టుకొస్తాయి, అంతే.

వీర్యామ్ (కార్డు సొంత మెమరీ, పైన రాసుకున్న డెడికేటెడ్ అంకె) గురించి నా మాట సూటిగా చెప్తాను: కొత్త భారీ గేములకి 1080పీలో 8 జీబీ అంటే బొటాబొటీ, 1440పీలో అల్ట్రా టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) కావాలంటే 12 ఉండాలి. 4 జీబీ, 6 జీబీ వాళ్లు టెక్స్చర్లు తగ్గించుకునే ఆడాలి. మామూలు ర్యామ్ 16 జీబీ ఉంటే ఇప్పటికి సరిపోతుంది, కాకపోతే వెనక బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి ఆడితే ఏ గేమైనా ఎక్కిళ్లు పెడుతుంది.

6. డబ్బు పెట్టకుండా ఒకసారి పరీక్షించండి

కొన్ని గేములకి బెంచ్‌మార్క్ టూల్ విడిగా, ఉచితంగా ఇస్తారు. బ్లాక్ మిత్: వుకాంగ్‌కీ, మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌కీ స్టీమ్‌లో ఉన్నాయి. మీరు కొనాలనుకున్న గేమ్‌కి లేకపోయినా, అదే ఇంజిన్ (గేమ్ తయారీకి వాడే మూల సాఫ్ట్‌వేర్) మీద తయారైన గేమ్ బెంచ్‌మార్క్ నడిపితే ఒక అంచనా వస్తుంది, వుకాంగ్ అన్‌రియల్ ఇంజిన్ 5 గేమ్ కాబట్టి ఆ ఇంజిన్ గేములకి అది పనికొచ్చే కొలబద్ద. ఒక్క జాగ్రత్త, బెంచ్‌మార్క్‌లో కెమెరా ముందే వేసిన దారిలో పోతుంది, ఫైట్లు ఉండవు, అసలు గేమ్‌లో అంతకంటే కొంచెం తగ్గుతుందనుకోండి. డెమో ఉంటే ఇంకా మంచిది.

రెండూ లేకపోతే మీ కార్డు పేరు, గేమ్ పేరు కొట్టి వీడియోలు వెతకండి. అందులో చూడాల్సినవి: ప్రాసెసర్ కూడా మీదేనా లేక దానికంటే చాలా పెద్దదా, ర్యామ్ ఎంత, అప్‌స్కేలింగ్ ఆన్ చేసి ఉందా, గేమ్ ప్యాచ్ ఏ తేదీది. కార్డు మీదే, పక్కన ప్రాసెసర్ మాత్రం ఈ ఏడాదిది అయితే ఆ వీడియోలోని ఎఫ్‌పీఎస్ మీకు రాదు. గది, కారిడార్ లాంటి ఖాళీ చోట్ల తీసిన వీడియో చూసి సంబరపడొద్దు, ఊరి మధ్యలో, జనంలో, వానలో ఎంత వస్తుందో చూపించే వీడియో వెతకండి.

7. కొన్నాక మొదటి గంటన్నర పరీక్షకే

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. గేమ్ తెరిచి మెనూలో కూర్చున్నా, షేడర్లు (గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నా ఆ టైమ్ లెక్కలోకే వస్తుంది, అందుకని గేమ్ తెరిచి భోజనానికి వెళ్లకండి.

వరస ఇది. కొనే ముందే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉందా చూడండి, మదర్‌బోర్డుకి పెట్టేసి కొత్త కార్డు దండగ అని తిట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, పర్ఫార్మెన్స్ మోడ్ ఆన్ చేయండి. షేడర్ కంపైల్ పూర్తయ్యేదాకా ఆగండి, అది అవ్వకుండా ఆడితే మొదటి పది నిమిషాలు ఏ పీసీలో అయినా తడబడుతుంది. తర్వాత బరువైన చోటుకి వెళ్లి, ఆగకుండా 20 నిమిషాలు ఆడండి. వేడెక్కాక వచ్చే ఎఫ్‌పీఎస్సే మీ అసలు ఎఫ్‌పీఎస్.

ఓవర్‌లేలో సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూడకండి. 1% లో (1% low) అనే అంకె కూడా పెట్టుకోండి, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క. సగటు 70 ఉండి 1% లో 25 ఉంటే చేతికి అది 70లా అనిపించదు, సగటు 50, లో 42 ఉన్న పీసీలోనే ఆట హాయిగా ఉంటుంది.

ఇక ఏది అడ్డుపడుతోందో ఇలా పట్టుకోండి:

- జీపీయూ వాడకం 95 నుంచి 99 శాతం, ఎఫ్‌పీఎస్ తక్కువ: కార్డు తన శక్తికొద్దీ పనిచేస్తోంది. సెట్టింగ్స్ తగ్గిస్తే ఫలితం కనిపిస్తుంది.
- జీపీయూ వాడకం 60, 70 దగ్గరే ఆడుతోంది, ఎఫ్‌పీఎస్ కూడా తక్కువే: ప్రాసెసర్ మీద అనుమానం. రెజల్యూషన్ బాగా తగ్గించి చూడండి, ఎఫ్‌పీఎస్‌లో మార్పు లేకపోతే ప్రాసెసరే అడ్డు. సీపీయూ వాడకం 40 శాతమే ఉంది కదా అనుకోవద్దు, గేమ్ భారం ఒకటి రెండు కోర్ల మీదే పడితే మొత్తం శాతం తక్కువే చూపిస్తుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని స్క్రీన్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ ఆఫ్ చేసి ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.
- మొదట్లో బాగుండి, కాసేపటికి చుట్టూ తిరిగి చూస్తే ఠక్కున ఆగడం, గోడల మీద బొమ్మలు మసకగా ఉండిపోవడం: వీర్యామ్ నిండిపోయింది. టెక్స్చర్లు ఒక మెట్టు దించి, గేమ్ మూసి మళ్లీ తెరవండి.
- పావుగంట తర్వాత ఎఫ్‌పీఎస్ మెల్లగా జారిపోవడం: వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్‌లో టెంపరేచర్, క్లాక్ స్పీడ్ రెండూ చూడండి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలు తాకి క్లాక్ పడిపోతుంటే దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

8. తగ్గించాలంటే ఏది ముందు

అన్నీ ఒకేసారి లో పెట్టేసి గేమ్ బాగాలేదనుకోవడం చాలామంది చేసే పని. ముందు రే ట్రేసింగ్, తర్వాత షాడోలు, ఆ తర్వాత వాల్యూమెట్రిక్ ఫాగ్, మేఘాలు, రిఫ్లెక్షన్లు. వీటిని అల్ట్రా నుంచి మీడియమ్‌కి దించినా ఆడుతుంటే పెద్దగా తేడా తెలియదు. ప్రాసెసర్ అడ్డుపడుతుంటే జనం సంఖ్య, కనిపించే దూరం తగ్గించండి. టెక్స్చర్లని మాత్రం వీర్యామ్ చాలినంత ఉంటే ముట్టుకోకండి, తగ్గించినా ఎఫ్‌పీఎస్ దాదాపు పెరగదు, బొమ్మ మాత్రం పాడవుతుంది. అప్‌స్కేలింగ్ క్వాలిటీ మోడ్ ఇవన్నీ అయ్యాక. ఫ్రేమ్ జనరేషన్ అన్నిటికంటే చివర, అది కూడా అసలు ఎఫ్‌పీఎస్ 60 దగ్గర ఉంటేనే.

9. ఇంకా చాలకపోతే

రెండో ర్యామ్ స్టిక్, ఎస్ఎస్‌డీ, ఈ రెండూ ముందు. కార్డు మార్చాలనుకుంటే పవర్ సప్లై ఎన్ని వాట్లదో, దానికి కావలసిన పవర్ కనెక్టర్లు ఉన్నాయో లేవో, కేబినెట్‌లో కార్డు పొడవుకి చోటుందో లేదో కొలిచి చూసుకోండి. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు, ఆర్‌టీఎక్స్ 3070కి 220 కావాలి, పాత తరం కార్డు సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. కార్డు మార్చే ముందు పాత డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. మార్చాక 7వ మెట్టులో ఆడిన చోటికే, అవే సెట్టింగ్స్‌తో మళ్లీ వెళ్లి సగటు, 1% లో రెండూ పాత అంకెల పక్కన రాసుకోండి. సగటు పెరిగి 1% లో ఉన్నచోటే ఉండిపోతే మిగిలింది ప్రాసెసరో ర్యామో, కార్డుకి ఇంకా ఖర్చు పెట్టకండి.